గురక ఆగిన ఆ క్షణాలు... మతిమరుపుకు అసలు మూలం అక్కడేనా?

రాత్రి రెండు గంటలు. పట్టాభిరామ్ మీదుగా అరక్కోణం వైపు వెళ్ళే రైలు కూత వినిపించి దూరమవుతుంది. ఇల్లంతా నిద్రలో ఉంటుంది. ఇంటి పెద్దాయన గురక మాత్రం గోడలదిరేలా సాగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆ గురక ఆగిపోతుంది. పక్కనున్న ఇల్లాలు కళ్ళు తెరిచి చెవి ఒగ్గుతుంది. ఒకటి, రెండు, మూడు... పదిహేను దాకా లెక్కపెట్టినా ఊపిరి చప్పుడు లేదు. భయపడి ఆమె భుజం పట్టి కుదపబోతుండగా ఆయన ఉలిక్కిపడినట్టు ఒక్కసారి గాలి పీల్చుకుని, పక్కకు ఒత్తిగిలి, మళ్ళీ గురక మొదలుపెడతారు. తెల్లవారాక అడిగితే "నేనెప్పుడు లేచాను? హాయిగా నిద్రపోయాను కదా!" అంటారు.

ఆ హాయి పగలు కనిపించదు. లేచేసరికి తల దిమ్ముగా ఉంటుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. పేపరు చేతిలో ఉండగానే కునుకు పడుతుంది. నమాజులో ఇది మూడో రకాతా, నాలుగోదా అన్న సందేహం పదేపదే వస్తుంది. ఆవడి ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి లెక్క తప్పకుండా పనిచేసిన మనిషి, ఇప్పుడు కరెంటు బిల్లు కట్టారో లేదో గుర్తులేక ఇల్లంతా వెతుకుతారు. "మా అబ్బాకు కూడా ఇలాగే మొదలైంది. నాకూ అదే వస్తోందేమో!" అని లోలోపల కుమిలిపోతారే తప్ప ఎవరితోనూ చెప్పుకోరు.

పాఠకులారా! నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి పట్టాభిరామ్, ఆవడి, తిరువళ్ళూరు ప్రాంతాల్లో స్థిరపడిన మీ ఇళ్ళలో ఇలాంటి మనిషి ఎవరైనా ఉన్నారా? అది మీరే కావచ్చు కూడా. అయితే ఈ వ్యాసం పూర్తిగా చదవండి. రాత్రి ఆగే ఊపిరికీ, పగటి మతిమరుపుకూ సంబంధం ఉంది. ఆ సంబంధం తెలిస్తే అనవసరమైన భయం తగ్గుతుంది, అవసరమైన జాగ్రత్త పెరుగుతుంది.

ఏమిటీ జబ్బు?

నిద్రలో మన కండరాలన్నీ సడలుతాయి. గొంతు కండరాలు, నాలుక కూడా సడలుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి, గొంతు గోడలు దగ్గరై, గాలి దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి దూసుకుపోయే చప్పుడే గురక. ఆ దారి పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగుతుంది. ఇలా పది సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు శ్వాస ఆగడాన్ని డాక్టర్లు 'ఆప్నియా' అంటారు. నిద్రలో ఇది మాటిమాటికీ జరిగితే ఆ జబ్బు పేరు 'స్లీప్ ఆప్నియా'.

ఊపిరి ఆగగానే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ప్రమాదం పసిగట్టి మనిషిని అరక్షణం మేల్కొలుపుతుంది. గొంతు తెరుచుకుంటుంది, గాలి లోపలికి పోతుంది, మళ్ళీ నిద్ర పడుతుంది. ఆ అరక్షణపు మెలకువ మనిషికి గుర్తుండదు. గంటకు ఇలాంటివి 5 నుంచి 15 ఉంటే జబ్బు స్వల్పమనీ, 15 నుంచి 30 ఉంటే మధ్యస్థమనీ, 30 దాటితే తీవ్రమనీ లెక్క. గంటకు 30 సార్లంటే ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి ఎవరో తట్టిలేపినట్టే! అలాంటి నిద్ర ఎనిమిది గంటలు పోయినా ఏం లాభం?

ఇది అరుదైన జబ్బు కాదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో నూటికి సుమారు 11 మందికి ఇది ఉంది. మగవారిలో ఎక్కువ. ఆడవారిలో ముట్లుడిగిన తర్వాత పెరుగుతుంది. వారిలో పెద్ద గురక లేకుండా నీరసం, నిద్రపట్టకపోవడం, చిరాకు రూపంలోనే కనిపించవచ్చు గనుక చాలామందిలో బయటపడదు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రాలకు పాటలు కూర్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించినప్పుడు, ఆయనకు చికిత్స చేసిన ఆస్పత్రి వైద్యులు చెప్పిన కారణం ఈ జబ్బే. అప్పటిదాకా 'గురకే కదా' అనుకున్న ఎన్నో ఇళ్ళలో ఈ పేరు మొదటిసారి వినబడింది.

జ్ఞాపకశక్తికి ఏమవుతుంది?

పగలు మనం చూసినవి, విన్నవి మెదడులో తాత్కాలికంగా నిలుస్తాయి. వాటిని సర్ది, పదిలపరిచే పని చాలావరకు గాఢనిద్రలోనూ, కలలు వచ్చే నిద్రలోనూ జరుగుతుంది. రాత్రంతా ముక్కలు ముక్కలైన నిద్రలో ఆ సర్దుడు సరిగా సాగదు. దానికి తోడు ఆక్సిజన్ మాటిమాటికీ తగ్గడం వల్ల జ్ఞాపకాలకు కీలకమైన 'హిప్పోక్యాంపస్' అనే భాగం దెబ్బతినే అవకాశం ఉంది. నిద్రమత్తులో శ్రద్ధ ఉండదు. శ్రద్ధ పెట్టనిది లోపలికే చేరదు. లోపలికి చేరనిది ఎంత వెతికినా దొరకదు. కాబట్టి ఈ జబ్బు ఉన్నవారు 'మరచిపోయాను' అనుకునేవాటిలో చాలా విషయాలు అసలు మనసులో నమోదు కానివే.

మరి మతిమరుపు వ్యాధికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? ఒక ఉదాహరణ చూడండి. చెన్నై సెంట్రల్ నుంచి లోకల్ రైలులో వస్తున్న మనిషి కునుకుపట్టి పట్టాభిరామ్‌లో దిగడం మరచి, నెమిలిచ్చేరి దాటాక ఉలిక్కిపడి లేస్తారు. ఇది నిద్ర చాలని మనిషి లక్షణం. మరొకరు మెలకువగానే పట్టాభిరామ్‌లో దిగి, ఇరవై ఏళ్ళుగా నడిచిన వీధిలో నిలబడి, ఇల్లు ఎటువైపో తెలియక అయోమయపడతారు. ఇది వెంటనే మెదడు వైద్యునికి చూపించవలసిన లక్షణం. అడిగిందే పది నిమిషాలకోసారి అడగడం, బాగా తెలిసిన వంట మధ్యలో తర్వాత ఏం చేయాలో తోచకపోవడం, డబ్బు లెక్క పూర్తిగా తారుమారు కావడం, స్వభావమే మారిపోవడం కూడా ఆ కోవలోవే. పేరు నాలుక చివర ఆడి కాసేపటికి గుర్తుకురావడం, ఒక్క మాట అందిస్తే విషయమంతా జ్ఞాపకం రావడం అంత భయపడవలసినవి కావు. అయితే ఇది ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పుకోవడానికి కాదు, ఎంత తొందరగా వైద్యుని దగ్గరకు వెళ్ళాలో తెలుసుకోవడానికి మాత్రమే. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

ఇంకో మాట. మతిమరుపుకు నయం చేయదగిన కారణాలు వేరేవి కూడా ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం, విటమిన్ బి12 లోపం, మానసిక కుంగుబాటు, వినికిడి లోపం వీటిలో ముఖ్యమైనవి. మధుమేహానికి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గవచ్చు. ఈ రక్తపరీక్షలు తప్పక చేయించుకోండి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలో సగటున 82 ఏళ్ళ వయసున్న 298 మంది స్త్రీలను సుమారు ఐదేళ్ళు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. నిద్రలో శ్వాస ఇబ్బంది ఉన్నవారిలో నూటికి 45 మందికి దాకా జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే సమస్య వచ్చింది. లేనివారిలో నూటికి 31 మందికి వచ్చింది. అంటే ప్రమాదం పెరిగిన మాట నిజమే. కానీ శ్వాస ఇబ్బంది ఉన్నవారిలోనూ సగానికి పైగా మందికి ఆ సమస్య రాలేదన్నది కూడా అంతే నిజం. మీ భయానికి ఈ రెండో సగం గుర్తుచేయండి.

చికిత్సతో పోయిన జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా? ఇటలీలో 17 మంది రోగులపై జరిగిన చిన్న అధ్యయనంలో (2011) మూడు నెలల చికిత్స తర్వాత జ్ఞాపకశక్తి పరీక్షలు మెరుగయ్యాయి. మెదడు చిత్రాల్లో కూడా కోలుకున్న గుర్తులు కనిపించాయి. అమెరికాలో సుమారు 1,100 మందిపై జరిగిన పెద్ద పరిశోధనలో (2012) మాత్రం ఆరు నెలల చికిత్సతో పగటి నిద్రమత్తు బాగా తగ్గింది గానీ జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. కాబట్టి "మిషను పెట్టుకుంటే మతిమరుపు మాయం" అని ఎవరైనా చెబితే నమ్మకండి. "ఇక చేసేదేమీ లేదు" అన్నా నమ్మకండి. పగటి మెలకువ, శ్రద్ధ తిరిగి రావడమే చాలామందికి పెద్ద ఊరట. రక్తపోటు అదుపులోకి రావడం, వాహనం నడిపేటప్పుడు కునుకు పట్టకపోవడం అదనపు లాభాలు.

యునానీ దృష్టిలో

ప్రాచీన హకీములకు 'స్లీప్ ఆప్నియా' అన్న పేరు తెలియదు. మన గ్రంథాల్లో అంతా ముందే ఉందని చెప్పడం సరికాదు. అయితే వారి పరిశీలన మెచ్చుకోదగినది. ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' గ్రంథంలో వెల్లకిలా పడుకునే అలవాటును చెడ్డదన్నాడు. దానివల్ల పక్షవాతం వంటి జబ్బులతో పాటు, నిద్రలో గుండెలమీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరాడని 'కాబూస్' వస్తుందని హెచ్చరించాడు. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు తిరిగి పడుకోమన్నాడు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి ఊపిరి ఎక్కువసార్లు ఆగుతుందని ఈనాటి పరీక్షలు కూడా చెబుతున్నాయి.

యునానీలో మతిమరుపును 'నిస్యాన్' అంటారు. మెదడు మిజాజ్‌లో శీతలం, తేమ పెరగడం, అంటే బల్గమ్ అధికం కావడం దీనికి ముఖ్య కారణమని హకీములు చెబుతారు. బరువైన శరీరం, మందకొడి కదలిక, ఎడతెగని నిద్రమత్తు బల్గమీ మిజాజ్ లక్షణాలు. దీనికి మందు కంటే ముందు వారు సరిచేసేది 'అస్బాబె సిత్తా జరూరియా'. అంటే ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు విషయాలు: గాలి, అన్నపానాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మానసిక శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. ఈ జబ్బులో మీరు చేయవలసింది దాదాపు అంతా ఈ ఆరింటిలోనే ఉంది.

* రాత్రి భోజనం పడకకు కనీసం మూడు గంటల ముందే ముగించండి. దావత్ బిర్యానీ తిని నేరుగా మంచమెక్కే అలవాటు మానండి.
* బరువు తగ్గండి. పదో వంతు బరువు తగ్గితే ఊపిరి ఆగే సంఖ్య సుమారు నాలుగో వంతు తగ్గుతుందని 2000 సంవత్సరంలో వెలువడిన అధ్యయనం చెబుతోంది. రోజూ అరగంట చురుగ్గా నడవండి.
* పక్కకు తిరిగి పడుకోండి. వెల్లకిలా తిరగకుండా వీపు వెనుక గట్టి దిండు పెట్టుకోండి. తలవైపు మంచం కొంచెం ఎత్తు చేయండి.
* ముక్కు దిబ్బడ, నజ్లా ఉంటే వైద్యం చేయించుకోండి. ఆవిరి పట్టడం మంచిదే.
* బీడీ, సిగరెట్, జర్దా, గుట్కా మానండి. పొగ వల్ల గొంతు లోపల వాపు వస్తుంది.
* రోజూ ఒకే వేళకు పడుకుని, ఒకే వేళకు లేవండి.

ఈ మందులతో జాగ్రత్త!

మెదడు బలానికి ఖమీరా గావ్‌జబాన్, మెదడులోని బల్గమ్‌ను ఊడ్చేందుకు ఇత్రీఫల్ ఉస్తుఖుద్దూస్ ఇవ్వడం హకీముల ఆనవాయితీ. ఉస్తుఖుద్దూస్‌కు 'మెదడు చీపురు' అన్న బిరుదే ఉంది. వీటిని హకీం సాహెబ్ సలహాతో వాడుకోవచ్చు. కానీ ఇవి మూసుకుపోయే గొంతును తెరవవు. వీటిని నమ్ముకుని పరీక్ష వాయిదా వేయడం పెద్ద పొరపాటు. పైగా ఖమీరాలు, ఇత్రీఫళ్ళు చక్కెర పాకంలోనో తేనెలోనో తయారవుతాయి. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మరికొన్ని మందులు నిజంగానే హాని చేయగలవు. బర్‌షాషాలో నల్లమందు ఉంటుంది. అది ఊపిరిని మందగింపజేస్తుంది. హబ్బె షిఫాలో ఉమ్మెత్త గింజలు ఉంటాయి. అవి పెద్ద వయసువారిలో మతిని తికమక చేయగలవు. ఇంట్లో పాత సీసాలో మిగిలిందని, పక్కింటివారికి పనిచేసిందని వీటిని వాడవద్దు. "నిద్ర సరిగా లేదు" అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలూ అంతే ప్రమాదం. అవి గొంతు కండరాలను మరింత సడలిస్తాయి. మత్తు కలిగించే జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు కూడా జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయి. ఏదైనా ఆపరేషన్ చేయించుకోవలసి వస్తే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు ఉందని తప్పక చెప్పండి.

పరీక్ష, చికిత్స

నాడి చూసి ఈ జబ్బును ఖాయం చేయడం కుదరదు. దానికి 'స్లీప్ స్టడీ' అనే పరీక్ష ఉంది. ఒక రాత్రి పడుకున్నప్పుడు శ్వాస, ఆక్సిజన్, గుండె వేగం, మెదడు తరంగాలు యంత్రంతో కొలుస్తారు. కొందరికి చిన్న యంత్రంతో ఇంట్లోనే చేయవచ్చు. ఊపిరితిత్తుల వైద్యులను గాని, చెవి-ముక్కు-గొంతు వైద్యులను గాని అడగండి. యునానీ సలహా కావాలనుకునేవారికి చెన్నై అరుంబాక్కంలో ప్రభుత్వ యునానీ వైద్య కళాశాల ఉంది. మంచి హకీం ఎవరైనా ఈ పరీక్షకు మిమ్మల్ని తానే పంపుతారు.

జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే ముఖ్య చికిత్స 'సీపాప్' యంత్రం. ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ కోలిన్ సల్లివన్ బృందం 1981లో దీన్ని లోకానికి పరిచయం చేసింది. ముక్కుకు తొడిగిన మాస్కు ద్వారా గాలిని కాస్త ఒత్తిడితో పంపి, గొంతు మూసుకుపోకుండా నిలబెట్టడమే దాని పని. అది ఆక్సిజన్ సిలిండర్ కాదు, వెంటిలేటరూ కాదు. మాస్కు చూసి "నేనేమైనా ఐ.సి.యు. రోగినా?" అని చాలామంది నొచ్చుకుంటారు. కళ్ళజోడు చూపుకు ఎలాగో, ఇది ఊపిరికి అలాగే అనుకోండి. మొదటి రెండు వారాలు ఇబ్బందిగానే ఉంటుంది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. మాస్కు సైజు సరిపోకపోతే మార్పించుకోండి, అటక మీద పడేయకండి. సి.జి.హెచ్.ఎస్. కార్డు ఉన్న పెన్షనర్లకు నిబంధనల మేరకు దీని ఖర్చు తిరిగి వచ్చే వీలుంది. కొనేముందే డిస్పెన్సరీలో అడిగి అనుమతి తీసుకోండి.

స్వల్పంగా ఉన్నవారికి కింది దవడను ముందుకు నిలిపే పరికరాన్ని దంతవైద్యులు తయారుచేస్తారు. టాన్సిల్స్ పెద్దవైన పిల్లల్లో ఆపరేషన్‌తోనే చాలావరకు గుణం కనిపిస్తుంది. స్థూలకాయం ఉన్న రోగులకు టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికా ఈ జబ్బుకు అనుమతించింది. అది డాక్టరు పర్యవేక్షణలో తప్ప వాడకూడదు.

రంజాన్ మాసంలో

తరావీహ్, సహరీల మధ్య నిద్ర రెండు ముక్కలవుతుంది. రెండు ముక్కల్లోనూ మాస్కు పెట్టుకోవాలి. ఇఫ్తార్‌లో నూనె పదార్థాలు తగ్గించండి. జుహర్ తర్వాత కునుకు తీసినా మాస్కు కావాలి. ఉపవాసంతో ఉన్నప్పుడు తేమ పుట్టించే నీటి గది వాడవచ్చా అన్న సందేహం ఉంటే మీ ఆలింను ముందే అడిగి తెలుసుకోండి. సందేహంతో నెలంతా యంత్రం మానేయడం మంచిది కాదు.

మీ దగ్గరున్న ఒక ఆస్తి

హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఒక ఆసక్తికరమైన సంగతి వెల్లడించింది. ఒకే భాష మాట్లాడేవారి కంటే, రెండు లేదా అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. ఆ రోగుల్లో తెలుగు, దక్కనీ ఉర్దూ రెండూ మాట్లాడేవారు కూడా ఉన్నారు. భాషలు వాడటం మందుతో సమానమని దీని అర్థం కాదు. అయినా ఇంట్లో ఉర్దూ, బంధువులతో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మీ జీవితమే మెదడుకు ఒక కసరత్తు. "మరచిపోతానేమో" అన్న భయంతో మాటలు తగ్గించి మూలన కూర్చోకండి. మనవళ్ళకు తెలుగు అక్షరాలు దిద్దించండి, నలుగురిలో కలవండి. వినికిడి తగ్గితే చెవిమిషను పెట్టుకోండి.

ఇంటివారికి ఒక మాట

ఈ జబ్బులో రోగి నిద్రపోతూ ఉంటారు, సాక్షి మీరు. ఈ రాత్రే సెల్‌ఫోన్‌లో పది నిమిషాలు ఆ గురక రికార్డు చేయండి. ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది, రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేచారు, పగలు ఎప్పుడెప్పుడు కునుకు తీశారు, ఏమేం మరచిపోయారు అన్నవి ఒక కాగితం మీద రాయండి. ఆయన వాడే మందులన్నీ, యునానీవి కూడా, ఒక సంచిలో వేసుకోండి. ఈ మూడూ తీసుకుని ఆయన వెంట మీరే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. పరీక్ష అయ్యేదాకా స్కూటరు తాళం పిల్లల చేతికివ్వండి.

గురకను ఎగతాళి చేయకండి, మతిమరుపును దెప్పకండి. "మీకేమీ కాదు లెండి" అని తేల్చేయకండి. "ఏమండీ, రాత్రి మీ ఊపిరి ఆగుతోంది, నాకు భయంగా ఉంది, ఒకసారి చూపించుకుందాం" అని ఇల్లాలు నెమ్మదిగా చెబితే కాదనే భర్త అరుదు. ఏళ్ళ తరబడి లోలోపల మోస్తున్న భయం ఆ ఒక్క మాటతో బయటికి వస్తుంది. చికిత్స మొదలయ్యేది అక్కడే.